ఫ్యాన్ అమ్మితే ఖాతా ఫ్రీజ్ అయింది: కొట్టువాళ్లు ఏం చేయాలి, ఎవరిని అడగాలి

మా బాబాయికి తెనాలిలో కరెంటు సామాను కొట్టు ఉంది. ఫ్యాన్లు, వైరు, స్విచ్ బోర్డులు, ఎండాకాలం వస్తే కూలర్లు. ఒక శనివారం మధ్యాహ్నం విజయవాడలో హోల్‌సేల్ ఆయనకి డబ్బు పంపబోతే పేమెంట్ ఫెయిల్ అని వచ్చింది. సిగ్నల్ లేదేమో అనుకుని మళ్లీ కొట్టాడు, మళ్లీ అదే. బ్యాంకు యాప్ తెరిచి చూస్తే బ్యాలెన్స్ 3,41,000 చిల్లర కనిపిస్తోంది, దాని కింద వాడుకోవడానికి ఉన్న మొత్తం అన్న చోట మాత్రం సున్నా. ఈ గొడవేమీ ఎరగని సౌండ్ బాక్స్ కౌంటర్ మీద కూర్చుని నూట ఎనభై రూపాయలు వచ్చాయి, అరవై రూపాయలు వచ్చాయి అని అరుస్తూనే ఉంది. అంటే డబ్బు లోపలికి పోతోంది, బయటికి మాత్రం రావట్లేదు.

నేను చిన్న కొట్లకి లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను, అందుకని ఇలాంటి ఫోన్లు ముందు నాకే వస్తాయి. "ఏరా, నేనేమన్నా దొంగతనం చేశానా?" అన్నాడు. చేయలేదు. మూడు వారాల కిందట ఎవరో వచ్చి ఒక సీలింగ్ ఫ్యాను, రెండు ఎల్ఈడీ బల్బులు కొనుక్కుని 2,850 రూపాయలు క్యూఆర్ స్కాన్ చేసి కట్టి వెళ్లాడు. ఆ డబ్బు ఇంకెవరినో మోసం చేసి లాగిన డబ్బులో ముక్కట. దానికోసం మూడు లక్షల నలభై ఒక్క వేలు ఆగిపోయాయి.

ఇది జరిగితే ఏం చేయాలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. కిరాణా, మెడికల్ షాపు, టిఫిన్ సెంటర్, ఫ్రీలాన్సు పని, ఏదైనా సరే, యూపీఐ తీసుకునే ప్రతి ఒక్కరికీ ఇది ఎదురవ్వొచ్చు.

ముందు అసలేం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతేనే ఎక్కడ ఏ మాట అడగాలో తెలుస్తుంది. మోసపోయిన మనిషి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు, లేకపోతే నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెడతాడు. అక్కడ ఒక అకనాలెడ్జ్‌మెంట్ నంబరు పుడుతుంది. ఆయన ఖాతా నుంచి డబ్బు ఏ ఖాతాకి వెళ్లిందో ఆ బ్యాంకుకి ఆన్‌లైన్లోనే టికెట్ వెళ్తుంది. డబ్బు అక్కడే ఉంటే ఆపుతారు, అప్పటికే వేరే బ్యాంకుకి దాటించేసి ఉంటే ఆ బ్యాంకుకి టికెట్ పంపుతారు. వీటినే లేయర్లు అంటారు. మోసగాడు నేరుగా తీసుకున్న అద్దె ఖాతా మొదటి లేయర్, అక్కడి నుంచి ముక్కలు ముక్కలుగా వెళ్లినవి రెండు, మూడు. ఆ ముక్కల్లో ఒకటి పట్టుకుని ఎవడో మీ కొట్టుకొచ్చి ఫ్యాను కొంటే నాలుగో లేయర్లో మీరుంటారు. మీరు దొంగా, దుకాణదారా అన్నది టికెట్‌కి తెలీదు. దానికి కనపడేది ఖాతా నంబరు, మొత్తం, అంతే.

పద్ధతి మంచిదే, కాదనను. ఇది లేకపోతే రిటైరైన మాస్టారి డబ్బు గంటలో నాలుగు రాష్ట్రాలు దాటిపోతుంది. చిక్కంతా వేగంలో ఉంది. ఆపడం మిషను చేస్తుంది, నిమిషాల్లో అయిపోతుంది. విడిపించడం మనుషులు చేయాలి, కాగితం మీద చేయాలి, అదీ మీకు భాష తెలియని ఊళ్లో ఉన్న ఎస్ఐ టేబులు మీద. చట్టం సంగతి చూడండి. అనుమానం ఉన్న వస్తువుని పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు అనే అధికారం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో సెక్షన్ 550, 1973 కోడ్‌లో 102, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106. నంబరు మారుతూ వచ్చింది గానీ మాట పెద్దగా మారలేదు. దొంగ సైకిలు, దొంగ బంగారం, సంచిలో నోట్లు, వీటిని మనసులో పెట్టుకుని రాసిన మాట అది. బ్యాంకు ఖాతా కూడా అందులో చెప్పిన ఆస్తే అని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి యూపీఐ లేదు, అది వచ్చింది 2016లో. సైకిలుని స్వాధీనం చేసుకుంటే సైకిలే పోతుంది, ఖాతాని ఆపితే కొట్టే ఆగిపోతుంది. తేడా అక్కడుంది.

సరే, పనిలోకి వద్దాం.

మొదటి గంటలో చేయాల్సింది: క్యూఆర్ కోడ్ తీసేయండి. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలామంది ఇదే మర్చిపోతారు. డెబిట్ ఫ్రీజ్ అంటే బయటికి పోవడమే ఆగుతుంది, లోపలికి రావడం ఆగదు. టెన్షన్‌లో మీరు బ్యాంకు చుట్టూ తిరుగుతుంటే కొట్లో కుర్రాడు రోజంతా స్కాన్ చేయిస్తూనే ఉంటాడు, ఆ డబ్బంతా వెళ్లి అదే బావిలో పడుతుంది. బాబాయికి ఆ సాయంత్రం లోపలే ఇంకో తొమ్మిది వేలు అలా ఇరుక్కుపోయాయి. వేరే బ్యాంకులో మీ పేరు మీదే ఇంకో ఖాతా ఉంటే దాని క్యూఆర్ పెట్టుకోండి, లేకపోతే నాలుగు రోజులు నోట్లే తీసుకోండి. బావమరిది ఖాతాకో, కొట్లో కుర్రాడి ఖాతాకో వేయించకండి. రేపు మీ లెక్క మీరు చూపించాల్సి వచ్చినప్పుడు అది ఇంకో తలనొప్పి అవుతుంది.

రెండోది, ఆగింది ఎంతో చూసుకోండి. మూడు రకాలుంటాయి. గొడవలో ఉన్న మొత్తాన్ని మాత్రమే పక్కన పెడితే దాన్ని లీన్ అనో హోల్డ్ అనో అంటారు, మిగతాది మామూలుగా వాడుకోవచ్చు. డెబిట్ ఫ్రీజ్ సంగతి పైన చెప్పాను. టోటల్ ఫ్రీజ్ అయితే రావడమూ ఆగుతుంది, పోవడమూ ఆగుతుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీది ఈ మూడింట్లో ఏదో అడగండి, ఈ పేర్లతోనే అడగండి. "నా ఖాతా పని చేయట్లేదు" అంటే వాళ్లు మిమ్మల్ని కేవైసీ అప్‌డేట్ చేసుకోమని చెప్పి పెట్టేస్తారు.

మూడోది, ఎవరైనా ఫోన్ చేసి మేము సైబర్ పోలీసులం, ఇంత పంపితే ఖాతా వదిలేస్తాం అంటే పంపకండి. వీడియో కాల్‌లో యూనిఫాం చూపించినా పంపకండి. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలోనే లేదు, 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడా ఈ మాటే చెప్పారు. ఖాతా ఫ్రీజ్ అయి కంగారులో ఉన్నవాళ్లని వెతికి పట్టుకుని రెండోసారి మోసం చేసేవాళ్లు ఉన్నారు.

ఇక బ్యాంకు. బాబాయితో సోమవారం పొద్దున నేనూ వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి స్క్రీన్ చూసి "సైబర్ వాళ్లు పెట్టారండీ, మేమేం చేయలేం, వాళ్లనే అడగాలి" అంది. ఎవరు వాళ్లు, ఏ ఊరు, అని అడిగితే "అది మాకు హెడ్ ఆఫీసు నుంచి వస్తుందండీ" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమె స్క్రీన్ మీద నిజంగానే అంతే ఉంది. కానీ ఈ మాట విని వెనక్కి వచ్చేస్తే మాత్రం మీరు రెండు నెలలు తిరుగుతారు. నోటితో అడిగితే నోటితోనే జవాబు వస్తుంది, అందుకని కాగితం రాసి ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. మేం ఇచ్చిన ఉత్తరం దాదాపు ఇదే, కావాలంటే వాడుకోండి (ఇందులో యూటీఆర్ అంటే ఆ చెల్లింపు గుర్తింపు నంబరు):

"బ్రాంచి మేనేజర్ గారికి. మీ బ్రాంచిలో ఫలానా నంబరు కరెంట్ ఖాతా నాది. ఫలానా తేదీ నుంచి ఈ ఖాతాలోంచి డబ్బు తీయడం వీలు కావడం లేదు. ఇందుకు కారణమైన లావాదేవీ తేదీ, మొత్తం, యూటీఆర్ నంబరు, సైబర్ ఫిర్యాదు అకనాలెడ్జ్‌మెంట్ నంబరు, ఆపమని కోరిన పోలీస్ స్టేషన్ పేరు, వారి అధికారిక మెయిల్, వారు పంపిన ఉత్తర్వు కాపీ నాకు ఇప్పించగలరు. ఉత్తర్వులో ఉన్న మొత్తానికి మాత్రమే లీన్ ఉంచి, మిగిలిన డబ్బు వాడుకోనివ్వగలరు. ఖాతా మొత్తాన్ని ఆపమని ఉత్తర్వులోనే ఉన్నట్లయితే ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయగలరు."

చివరి రెండు వాక్యాలే అసలైనవి. ఎందుకంటే చాలాసార్లు పోలీసులు అడిగేది ఒక మొత్తం గురించి, బ్యాంకు భయపడి ఆపేది ఖాతా మొత్తం. బాబాయి విషయంలో అదే జరిగింది. ఎనిమిది రోజుల తర్వాత కాపీ చేతికొస్తే అందులో ఉన్నది 2,850 ఒక్కటే. ఖాతా అంతా ఆపమని ఎవరూ అడగలేదు. పోలీసులు చెప్పిన మొత్తానికే ఆపండి, ఖాతా మొత్తాన్ని కాదు అని 2023లో కేరళ హైకోర్టు ఒక కేసులో బ్యాంకులకి చెప్పింది. అది మన రాష్ట్రాల్లో కట్టుబడి తీరాల్సిన తీర్పు కాదు, అయినా ఉత్తరంలో ఒక వాక్యం రాస్తే మేనేజర్ లీగల్ వాళ్లని ఒకసారి అడుగుతాడు, మనకి కావాల్సింది ఆ ఒక్క ఫోనే.

అదే ఉత్తరం బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి మెయిల్ కూడా చేయండి. చిరునామా బ్యాంకు వెబ్‌సైటులో ఫిర్యాదుల పేజీలో ఉంటుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఫీజు ఉండదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీని దగ్గరే దెబ్బతింటారు. పోలీసుల ఉత్తర్వు ప్రకారం బ్యాంకు చేసిన పనిని అంబుడ్స్‌మన్ విచారించరు, ఆ స్కీములోనే అలా ఉంది. కాబట్టి "నా ఖాతా అన్యాయంగా ఫ్రీజ్ చేశారు" అని రాస్తే ఫిర్యాదు మూసేస్తారు. "ఉత్తర్వులో అడిగింది 2,850, బ్యాంకు ఆపింది 3,41,000" అనో, "వివరాలు అడిగి 30 రోజులైంది, ఇవ్వలేదు" అనో రాయండి. అప్పుడది పోలీసుల పని కాదు, బ్యాంకు చేసిన పని.

ఇప్పుడు ఆ లావాదేవీని పట్టుకోవాలి. యూపీఐలో ప్రతి చెల్లింపుకీ 12 అంకెల నంబరు ఒకటి ఉంటుంది, బ్యాంకు ఇచ్చిన యూటీఆర్‌ని మీ స్టేట్‌మెంటులో వెతికితే తేదీ, టైము, పంపినవాడి పేరు దొరుకుతాయి. ఆ టైముకి మీరు ఏం అమ్మారో చూపించగలగాలి. బాబాయి పెద్ద చదువు చదువుకోలేదు, కంప్యూటర్ బిల్లింగ్ పెట్టించుకోమని నేను మూడేళ్లుగా పోరుతున్నా వినలేదు. కానీ కార్బన్ పెట్టి బిల్లు రాయడం ఏనాడూ మానలేదు. పాత బిల్లు బుక్కులు అట్టపెట్టెలో ఉన్నాయి, దుమ్ము దులిపి తిరగేస్తే ఆ రోజు పేజీలో నీలం అక్షరాల్లో సీలింగ్ ఫ్యాను ఒకటి, తొమ్మిది వాట్ల బల్బులు రెండు, మొత్తం 2,850, పక్కన ఫ్యాను సీరియల్ నంబరు. గ్యారంటీ కోసం రాసుకున్న నంబరది. హోల్‌సేల్ ఇన్వాయిసులో అదే సీరియల్ నంబరు ఉంది. అంటే ఆ ఫ్యాను విజయవాడలో కొన్నదే, తెనాలిలో అమ్మినదే, డబ్బు దానికి వచ్చిందే. ఇంతకన్నా గట్టి సాక్ష్యం నేను చూడలేదు, మూడేళ్ల నా పోరు సంగతి మళ్లీ ఎత్తలేదు.

మీ దగ్గర సీరియల్ నంబర్లు లేకపోవచ్చు. టిఫిన్ సెంటర్‌కి ఏముంటుంది. అప్పుడు ఆ రోజు మొత్తం అమ్మకాల చిట్టా, ఆ వారంలో యూపీఐ రాబడి ఎలా ఉంటుందో చూపించే స్టేట్‌మెంటు, ట్రేడ్ లైసెన్సు, ఉద్యమ్ సర్టిఫికెట్, జీఎస్టీ ఉంటే ఆ నెల రిటర్ను, కొట్టు ఫోటో, అన్నీ కలిపి ఒక పీడీఎఫ్ చేయండి. సీసీ కెమెరా ఉంటే ఫుటేజీ వెంటనే వేరే డ్రైవ్‌లోకి తీయండి, డిస్కు నిండితే పాత రోజులు వాటంతటవే చెరిగిపోతాయి, చిన్న కొట్లలో అది కొన్ని వారాల్లోనే అవుతుంది. మాకు అప్పటికే పోయింది. వీడియో, చాట్, ఆడియో లాంటివి కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఒక సర్టిఫికెట్ కూడా జత చేయాలి, పాత చట్టంలో 65బి అనేవాళ్లు. ఆ కష్టం అక్కడిదాకా వెళ్తే లాయరు చూసుకుంటాడు. మీరు చేయాల్సిందల్లా అసలు ఫైలుని కట్ చేయకుండా, ఎడిట్ చేయకుండా, వాట్సాప్‌లో పంపించుకోకుండా అలాగే దాచడం.

తర్వాతిది పోలీసులకి రాయడం. చాలామంది ఇక్కడ మన ఊరి స్టేషన్‌కి వెళ్లి కూర్చుంటారు. వాళ్లు మంచివాళ్లయితే అవతలి స్టేషన్‌కి ఒక ఫోన్ కొడతారు, అంతకుమించి వాళ్ల చేతిలో లేదు, కేసు అక్కడిది. ఉత్తర్వు మీద ఉన్న స్టేషన్‌కి, అక్కడి దర్యాప్తు అధికారికి మెయిల్ పంపండి, అదే కాగితాల కట్ట స్పీడ్ పోస్టులో కూడా పంపండి. మెయిల్ చూడరు, కవరు చూస్తారు, ఇది నా అనుభవం. భాష ఇంగ్లీషు లేదా హిందీ. ఒక్క పేజీ దాటనివ్వకండి. మొదటి లైన్లోనే అకనాలెడ్జ్‌మెంట్ నంబరు, యూటీఆర్, మొత్తం. తర్వాత నేను ఫలానా వ్యాపారం చేస్తాను, ఈ డబ్బు ఫలానా వస్తువు అమ్మినందుకు వచ్చింది, పంపిన వ్యక్తితో నాకు వేరే సంబంధం లేదు, బిల్లు జత చేశాను, లీన్ తీసేయమని బ్యాంకుకి తెలియజేయగలరు. అన్యాయం, ఘోరం, పిల్లల స్కూలు ఫీజు, ఇవన్నీ రాయాలనిపిస్తుంది, రాయకండి. ఆ అధికారి టేబులు మీద అలాంటి మెయిళ్లు గుట్టగా ఉంటాయి, మన సంగతి అర నిమిషంలో తేలేలా ఉంటేనే మన పని ముందు అవుతుంది. మాకు అభ్యంతరం లేదు అని రాసిచ్చే ఆ కాగితాన్ని వాళ్లు ఎన్ఓసీ అంటారు, మనకి కావాల్సింది అదే, అది బ్యాంకుకి వాళ్ల అధికారిక మెయిల్ నుంచే వెళ్లాలి, మీ వాట్సాప్‌కి ఫోటో పంపితే బ్యాంకు ఒప్పుకోదు.

వాళ్లు రమ్మంటే? ముందు ఏ సెక్షన్ కింద పిలిచారో చూడండి. ఇక్కడి నుంచి చెప్పే సెక్షన్లు నాగరిక్ సురక్షా సంహితలోవి. సాక్షిగా పిలిచే సెక్షన్ 179 నోటీసు తమ స్టేషన్ పరిధిలోనో పక్క స్టేషన్ పరిధిలోనో ఉన్నవాళ్లకే ఇవ్వాలి. పైగా ఆడవాళ్లని, 60 ఏళ్లు దాటినవాళ్లని వాళ్లుండే చోటు నుంచి కదలమనకూడదు. సెక్షన్ 35(3) నోటీసైతే వేరే కథ, అది మీ మీద అనుమానం ఉన్నప్పుడు ఇచ్చేది, దాన్ని పక్కన పెట్టకూడదు, అదే రోజు లాయర్ని కలవండి. అలాంటి నోటీసులు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. అయినా సరే వాట్సాప్‌లో వచ్చిందని ఊరుకోకుండా, అందింది, ఇవిగో నా కాగితాలు, వీడియో కాల్‌లో జవాబు చెప్పడానికి సిద్ధం అని మెయిల్ రాసి పడేయండి. రేపు ఎవరైనా మీరు సహకరించలేదు అంటే చూపించడానికి ఉంటుంది.

ఒక్కోసారి అవతలి వాళ్లు ఆ 2,850 వదిలేసుకోండి, మోసపోయినాయనకి ఇచ్చేద్దాం, ఖాతా తీసేస్తాం అంటారు. న్యాయంగా చూస్తే అది మీ డబ్బే, సరుకిచ్చి తీసుకున్నారు. కానీ మూడు లక్షలు ఇరుక్కున్నప్పుడు రెండు వేల ఎనిమిది వందల కోసం పట్టుబట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం, బాబాయి అయితే సరే అనడానికి సిద్ధపడ్డాడు, నేనే ఆపాను. ఒకవేళ ఒప్పుకుంటే మాత్రం ఎవరి ఫోన్ నంబరుకీ యూపీఐ చేయకండి. లీన్‌లో ఉన్న మొత్తాన్ని బ్యాంకు ద్వారానే పంపాలని, ఇది నేరం ఒప్పుకోవడం కాదని రాతలో పెట్టండి.

ఇవేవీ పని చేయకపోతే కోర్టు. రెండు దారులున్నాయి. ఒకటి, కేసు ఉన్న చోటి మేజిస్ట్రేట్ దగ్గర సెక్షన్ 503 కింద, అంటే పాత కోడ్‌లో 457, డబ్బు వదలమని దరఖాస్తు. మొత్తం చిన్నదైతే అంత దూరం లాయర్ని పెట్టుకునే ఖర్చే ఎక్కువవుతుంది. రెండోది మన హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణ కింద రిట్. ఖాతా ఉన్న బ్రాంచి ఇక్కడే కాబట్టి ఇక్కడ వేయడానికి వీలుంటుంది, ఆంధ్రావాళ్లకి అమరావతిలో, తెలంగాణవాళ్లకి హైదరాబాదులో. లాయర్ని కలిసినప్పుడు రెండు విషయాలు అడగండి. స్వాధీనం చేసుకున్న సంగతి వెంటనే మేజిస్ట్రేట్‌కి తెలియజేయాలని సెక్షన్ 106లోనే ఉంది, మన విషయంలో తెలియజేశారా? నేరం ద్వారా వచ్చిన సొమ్మని జప్తు చేయాలంటే సెక్షన్ 107 కింద ఎస్పీ అనుమతితో కోర్టుకి వెళ్లాలి, కోర్టు మనకి నోటీసిచ్చి 14 రోజుల టైమివ్వాలి, అదేమన్నా జరిగిందా? నేను చూసిన వాటిలో రెండూ జరగలేదు. ఫీజు పెట్టుకోలేనివాళ్లు 15100కి ఫోన్ చేసి జిల్లా న్యాయ సేవాధికార సంస్థని అడగండి. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

మోసపోయినవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. మీ డబ్బు ఇలా ఎవరి ఖాతాలోనో ఆగి ఉంటే అది దానంతటది తిరిగి రాదు, దానికీ కోర్టు ఉత్తర్వు అడగాల్సి రావచ్చు. తెలంగాణలో 2024 నుంచి సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవాధికార సంస్థ కలిసి లోక్ అదాలత్‌లలో ఇలాంటి డబ్బు ఇప్పిస్తున్నాయి. మీ స్టేషన్‌లో అడగండి.

ఖాతా ఆగినన్నాళ్లూ మిగతావి ఆగవు, అది గుర్తుంచుకోవాలి. ఆ ఖాతా మీద ఈఎంఐ ఉంటే అప్పిచ్చినవాళ్లకి ముందే మెయిల్ పెట్టి వేరే ఖాతా నుంచి కట్టేయండి, లేకపోతే సిబిల్ స్కోర్ పడిపోతుంది. చెక్కులు ఇచ్చి ఉంటే తీసుకున్నవాళ్లకి ఫోన్ చేసి వేయొద్దని చెప్పండి. అప్పటికే వేసి, బౌన్సై, లీగల్ నోటీసు వస్తే అందిన రోజు నుంచి 15 రోజుల్లో ఆ డబ్బు కట్టేయడం మేలు, ఫ్రీజ్ అయిందన్న వాదన గెలుస్తుందా లేదా అన్నది తర్వాత సంగతి. జీఎస్టీ 3బి రిటర్ను ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, పన్ను మీద వడ్డీ 18 శాతం. చలాను మీ పేరుతో చేసి ఎవరి ఖాతా నుంచైనా కట్టొచ్చు. పది వేల లోపైతే బ్యాంకు కౌంటర్లో నోట్లిచ్చి కూడా కట్టొచ్చు.

ముందు జాగ్రత్త సంగతి. వ్యాపారానికి వేరు, ఇంటికి వేరు ఖాతాలు, అదీ వేర్వేరు బ్యాంకుల్లో. వ్యాపారం ఖాతాలో డబ్బు పేరుకోనివ్వకండి, సాయంత్రానికి హోల్‌సేల్ వాళ్లకి కట్టాల్సింది కట్టేసి, మిగతాది రెండో ఖాతాకి తోసేయండి. ఇంకొకటి ఉంది, పైవాటన్నిటికంటే ఇదే పెద్దది. కొట్టుకొచ్చి "అన్నా, ఏటీఎం పని చేయట్లేదు, యూపీఐ చేస్తాను, ఇరవై వేలు నోట్లివ్వవా, రెండొందలు ఎక్కువేస్తాను" అనేవాళ్లు వస్తారు. ఇవ్వకండి. మోసం డబ్బుని నోట్లుగా మార్చుకునే దారుల్లో ఇదొకటి. బాబాయి వీధిలోనే సెల్‌ఫోన్ రీచార్జి కుర్రాడు ఇలాగే ఇరవై వేలిచ్చి ఇరుక్కున్నాడు. బాబాయి దగ్గర ఫ్యాను బిల్లయినా ఉంది, ఆ కుర్రాడి దగ్గర చూపించడానికి ఏముంది? పొరపాటున మీకు పంపాను, తిరిగి ఈ నంబరుకి వేయండి అని ఫోన్ చేసేవాళ్లకీ మీ చేత్తో వేయకండి, వాళ్ల బ్యాంకులో చెప్పుకోమనండి. ఖాతా అద్దెకిచ్చి నెలకింత తీసుకోవడం, ముక్కూమొహం తెలియనివాళ్లకి యూఎస్‌డీటీ అనే క్రిప్టో కరెన్సీ అమ్మి ఖాతాలో డబ్బు వేయించుకోవడం, ఈ రెండూ చేసేవాళ్లకి పైన రాసిందేదీ పనికిరాదు, నేరుగా లాయర్ దగ్గరికి వెళ్లండి.

బాబాయి ఖాతా పన్నెండో రోజున తెరుచుకుంది, 2,850 మాత్రం లీన్‌లో ఉండిపోయింది. స్పీడ్ పోస్టు వెళ్లాక ఇంకో ఏడు వారాలకి అవతలి నుంచి ఎన్ఓసీ మెయిల్ వచ్చి అదీ వదిలింది. ఇప్పుడు రెండు వేలు దాటిన ప్రతి బిల్లు మీదా యూపీఐ నంబరు చివరి నాలుగంకెలు రాస్తున్నాడు. కస్టమర్ ఫోన్ తీసుకుని, కళ్లజోడు పైకెత్తి, అంకెలు ఒక్కొక్కటే పైకి చదువుతూ రాస్తాడు. వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటారు. "విసుక్కోనీరా, నాకేంటి" అంటాడు.